జెన్సెన్ ఎఫ్‌ఎఫ్ కొనబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు జెన్సెన్ ఎఫ్‌ఎఫ్, ఆ 1960ల నాటి ఇంగ్లీషు కారు, కొనబోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఇంటి డిపాజిట్‌కని దాచుకున్న డబ్బంతా తుప్పు పట్టిన ఇనుములో పోస్తోంది, నువ్వైనా చెప్పు అన్నయ్యా అని మొర పెట్టుకున్నాడు. చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు పట్టలేని సంతోషమేసింది. పాత బండి అనగానే అందరూ ఏ జాగ్వార్ ఈ-టైపో, ఏ ఆస్టన్ మార్టినో అంటారు. మన ఇంటి పిల్ల వెతుక్కుంటూ వెళ్ళి, పేరు కూడా చాలామందికి తెలియని బండి దగ్గర ఆగింది. ఆ సంతోషం వెనకే భయం కూడా వచ్చి కూర్చుంది. అందుకే ఈ ఉత్తరం. కొనొద్దని రాయడం లేదు తల్లీ. ఏం చూసి కొనాలో, కొన్నాక దాన్ని ఎవరి చేతికి ఇవ్వకూడదో రాస్తున్నాను. కాస్త పొడుగైనా పూర్తిగా చదువు.

మొట్టమొదట, దాన్ని 'కొంచెం ఖరీదైన ఇంటర్‌సెప్టర్' అని ఎవరైనా అంటే ఆ మనిషి సలహా తీసుకోవద్దు. ఇంటర్‌సెప్టర్ కూడా జెన్సెన్ వాళ్ళ కారే, 1966 అక్టోబరులో లండన్ మోటార్ షోలో రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి నిజమే. పైన చూస్తే రెండూ ఒకే కడుపున పుట్టినట్టుంటాయి. మిలాన్‌లోని టూరింగ్ సంస్థ గీసిన రూపం, టురిన్‌లో విన్యాలే వాళ్ళు కట్టిన తొలి బాడీలు, వెనక ఆ పెద్ద వంపు గాజు తలుపు, ముందు క్రైస్లర్ వారి 383 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే 6,276 సీసీ, దాని వెనక మూడు గేర్ల టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్. ఇంతవరకూ ఒకటే. గేర్‌బాక్స్ వెనక నుంచి మొదలవుతుంది అసలు తేడా.

అక్కడున్నది ఫెర్గూసన్ వారి ట్రాన్స్‌ఫర్ బాక్సు, అంటే ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే పెట్టె. ట్రాక్టర్ల ఫెర్గూసన్ అంటే మన రైతులకూ తెలిసిన పేరే, ఆ హ్యారీ ఫెర్గూసనే. పాత రేసు డ్రైవర్ టోనీ రోల్ట్‌ను, మరికొందరు ఇంజినీర్లను చేరదీసి, మామూలు రోడ్డు కారుకి నాలుగు చక్రాల డ్రైవ్ ఎందుకు ఉండకూడదని ఆయన పట్టుబట్టాడు. ఆయన 1960లో పోయాడు. మరుసటి ఏడాదే వాళ్ళ పీ99 రేసు కారుని స్టిర్లింగ్ మాస్ ఔల్టన్ పార్క్ గోల్డ్ కప్‌లో గెలిపించాడు. నాలుగు చక్రాల డ్రైవ్‌తో ఫార్ములా వన్ కారు ఒక పోటీ గెలవడం అదొక్కసారే. అయినా పెద్ద కంపెనీలేవీ ముందుకు రాలేదు. వచ్చింది వెస్ట్ బ్రామిచ్‌లోని ఒక చిన్న ఫ్యాక్టరీ. ఆస్టిన్-హీలీలకు బాడీలు కట్టి, సన్‌బీమ్ టైగర్లు బిగించి, ఆ సంపాదనతో తన పేరు మీద కొద్దిపాటి కార్లు చేసుకునే జెన్సెన్ ఫ్యాక్టరీ. 1965లో తమ సీ-వీ8 మీద ఆ పద్ధతి అమర్చి చూపించారు, 1966లో ఎఫ్‌ఎఫ్‌గా అమ్మకానికి పెట్టారు. ఎఫ్‌ఎఫ్ అంటే ఫెర్గూసన్ ఫార్ములా. నాలుగు చక్రాల డ్రైవ్‌తో పేరు తెచ్చుకున్న ఆడీ క్వాట్రో రావడానికి ఇంకా పద్నాలుగేళ్ళుంది అప్పటికి.

దానికి తోడు బ్రేకులు. చక్రాలు బిగుసుకుపోయి జారకుండా విమానాల కోసం డన్‌లప్ వాళ్ళు చేసిన మాక్సరెట్‌ని తెచ్చి ఇందులో పెట్టారు. మెర్సిడెస్‌లో బాష్ వారి ఎలక్ట్రానిక్ ఏబీఎస్ వచ్చింది 1978లో. ఇది దానికి పన్నెండేళ్ళ ముందుది. ఇప్పటి కార్లలో చక్రానికో సెన్సర్ ఉంటుంది కదా, ఇందులో మొత్తం బండికి ఉన్నది ఒకే ఒక్క యూనిట్, ట్రాన్స్‌ఫర్ బాక్సు దగ్గర. నాలుగు చక్రాలూ షాఫ్టులతో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి, ఆ షాఫ్టు తిరిగే వేగం ఒక్కసారిగా పడిపోవడాన్ని పసిగడితే చాలు. వెంటనే బ్రేకు సర్వోలో, అంటే పాదం నొక్కుకి బలం జోడించే భాగంలో, బలం తగ్గుతుంది, మళ్ళీ పడుతుంది, మళ్ళీ తగ్గుతుంది. నీ పాదం కింద పెడల్ వెనక్కి తంతుంది.

ఇది బాగా మనసులో పెట్టుకో. ఎఫ్‌ఎఫ్‌లో డ్రైవూ బ్రేకులూ వేరువేరు కావు. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే ముందు చక్రాలకు బలం మోసుకెళ్ళే కడ్డీ, ఎవరైనా ఊడదీసి ఉంటే, ముందు చక్రాలు బిగుసుకుపోయినా ఆ సంగతి మాక్సరెట్‌కి తెలియదు. పైగా మధ్య డిఫరెన్షియల్‌లో, అంటే ముందు వెనక ఇరుసులకు బలం పంచుతూ వాటి వేగం తేడాని సర్దే గేర్లలో, ఒక పక్క పట్టు లేకపోతే వెనక్కి వెళ్ళే బలమంతా లోపలి క్లచ్చుల మీదే పడుతుంది. 'ముందు డ్రైవ్ తీసేశాం, బండి తేలికైంది, హాయిగా నడుస్తోంది' అని అమ్మేవాడు చెబితే నమస్కారం పెట్టి వచ్చెయ్. ఎంత అందంగా రంగు వేసి ఉన్నా, తోలు సీట్లు ఎంత మెరుస్తున్నా సరే.

మొత్తం 320 కట్టారు. మార్క్ 1 లు 195, మార్క్ 2 లు 110, 1971లో చివరగా మార్క్ 3 లు పదిహేను. ఇంటర్‌సెప్టర్లేమో ఆరు వేలు దాటాయి. నీ కొనుగోలు లెక్క అంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. ఇంటర్‌సెప్టర్‌తో పంచుకునే భాగాలు, అంటే ఇంజిన్ సామాను, డోర్లు, గాజులు, లోపలి స్విచ్చులు, ఇవి పాడై ఉంటే బాధపడకు, దొరుకుతాయి. క్రైస్లర్ ఇంజిన్ సామానుకి అమెరికాలో ఇప్పటికీ కొదవ లేదు. ఎఫ్‌ఎఫ్‌కి మాత్రమే ఉన్నవి, అంటే ట్రాన్స్‌ఫర్ బాక్సు, లోపలి గొలుసు, ముందు డిఫరెన్షియల్, ముందు హాఫ్ షాఫ్టులు, మాక్సరెట్ యూనిట్, దాని సర్వో, ముందు మడ్‌గార్డులు, ఇవి లేకపోతే బజారులో కొనుక్కునేవి కావు. పైన గీతలు పడి, సీట్లు చిరిగి, కింద అన్నీ ఉన్న బండి కొను. పైన అద్దంలా మెరుస్తూ కింద ఒక షాఫ్టు లేని బండి వద్దు.

గుర్తుపట్టడం తేలికే. ముందు చక్రం వెనక మడ్‌గార్డు మీద గాలి గళ్ళు ఇంటర్‌సెప్టర్‌కి ఒకటి, దీనికి రెండు. వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, నాలుగు అంగుళాలు ఎక్కువ, 105కి బదులు 109. ఆ నాలుగు అంగుళాలూ ముందు చక్రానికీ డోరుకీ మధ్యే చేరాయి, అందుకే ఇంటర్‌సెప్టర్ మడ్‌గార్డు దీనికి కూర్చోదు. చాసిస్ నంబరు మార్క్ 1కి 119తో, మార్క్ 2కి 127తో మొదలవుతుంది. వీటన్నిటికంటే నాకిష్టమైన గుర్తు లోపల ఉంది. డోరు తీసి రెండు ముందు సీట్లూ చూడు. ఎడమ సీటు కుడిదానికంటే సన్నగా ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ బాక్సూ షాఫ్టులూ ఆ పక్కకి పొడుచుకొచ్చి, కాళ్ళ చోటు తినేసి, సీటుని కూడా కుదించాయి. ఎవరైనా సౌకర్యం కోసమని అక్కడ ఇంటర్‌సెప్టర్ సీటు ఇరికించి ఉంటే, అదే మనిషి కింద ఇంకేం మార్చాడో అడుగు.

ఆ సన్న సీటులోనే ఆ బండి ఆయుష్షు కూడా రాసి ఉంది. స్టీరింగ్, బ్రేకు సర్వో కుడి పక్కన మాత్రమే అమరేలా గీశారు. ఎడమ పక్క చోటంతా డ్రైవ్ తినేసింది. అంటే ఎడమ స్టీరింగ్ బండి చేయడానికి దారే లేదు. ఎడమ స్టీరింగ్ లేనిదే అమెరికాలో అమ్మలేవు, యూరప్‌లోనూ కష్టమే. ఇంగ్లండ్‌లో ఎంతమంది కొంటారు? ధర అప్పట్లోనే 5,300 పౌండ్లు దాటింది, ఇంటర్‌సెప్టర్ కంటే చాలా ఎక్కువ. ఫ్యాక్టరీ పెట్టిన అన్నదమ్ములు రిచర్డ్, అలన్ జెన్సెన్ అప్పటికే తప్పుకున్నారు. 1970లో శాన్‌ఫ్రాన్సిస్కో కార్ల వ్యాపారి షెల్ క్వాలే కంపెనీని కొన్నాడు. ఆయన కళ్ళు అమెరికా బజారు మీదే ఉన్నాయి. అక్కడ అమ్మలేని ఎఫ్‌ఎఫ్‌ని 1971లో ఆపేశారు. ఆ తర్వాత జెన్సెన్-హీలీ వచ్చింది, 1973లో పెట్రోలు కరువు వచ్చింది, 1976కల్లా వెస్ట్ బ్రామిచ్ గేటు మూతపడింది. ఎఫ్‌ఎఫ్ మెదడు మాత్రం చావలేదు. టోనీ రోల్ట్ 1971లో పెట్టిన ఎఫ్ఎఫ్ డెవలప్‌మెంట్స్ ఆ పనిని ముందుకు తీసుకెళ్ళింది, చిక్కటి ద్రవంతో ఇరుసుల మధ్య బలం పంచే వాళ్ళ విస్కస్ కప్లింగ్ అమెరికాలో ఏఎంసీ ఈగిల్ కారులోకి ఎక్కింది. వర్షంలో బెంగ లేకుండా నడిచే ఇప్పటి కార్లను చూసినప్పుడల్లా ఈ 320 బండ్లకు ఎవరూ అప్పు తీర్చలేదనిపిస్తుంది నాకు. ఈ సంగతులు తెలిస్తే దాన్ని నువ్వు చూసే చూపే మారుతుంది, అందుకే ఇంత రాశాను.

తుప్పు గురించి. చలికాలంలో ఉప్పు చల్లే బ్రిటన్ రోడ్ల మీదే ఈ బండ్లు బతికాయి, కాబట్టి తుప్పు లేని ఎఫ్‌ఎఫ్ కోసం వెతికితే ముసలిదానివైపోతావు. ఎక్కడుందో, ఎంతుందో చూడు. రెండు డోర్ల కింది సిల్స్ మొదట. ఆ ఉక్కు పొరలే బండిని నిలబెట్టే నడుము. బండి నేలమీద ఉన్నప్పుడు డోరు చుట్టూ సందు చూసుకో, లిఫ్ట్ మీదికి ఎక్కించాక మళ్ళీ అదే సందు చూడు. సందు మారినా, డోరు పట్టినా, సిల్స్‌లో బలం లేనట్టే. తర్వాత ముందు మడ్‌గార్డుల అడుగులు, ముందు అద్దం కింది అంచు, వెనక చక్రాల పై వంపు, డిక్కీ నేల, స్టెప్నీ గుంట. ఒక చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళు. ఇది ఉక్కు బాడీ. అయస్కాంతం పట్టని చోట రంగు కింద లప్పం ఉంది. లప్పం వేసిన చోటల్లా కత్తి పెట్టి పొడవనివ్వడు ఎవడూ, కాబట్టి ఎక్కడెక్కడ పట్టలేదో కాగితం మీద బండి బొమ్మ గీసుకుని గుర్తులు పెట్టుకో. టింకరింగ్ ఖర్చు ఆ బొమ్మే చెబుతుంది.

కాగితాలు: వీ5సీలో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, బండి మీదున్న నంబర్లు మూడూ నీ కళ్ళతో పోల్చు. పాత ఎంఓటీ, అంటే ఏటా చేసే బండి తనిఖీ, కాగితాల మీద మైళ్ళు వరసగా పెరుగుతున్నాయో లేదో చూడు. జెన్సెన్ ఓనర్స్ క్లబ్బుకి రాసి ఆ నంబరు గురించి అడుగు, కొనక ముందే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ ఉత్తరంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకో.

ఏళ్ళ తరబడి ఈ బండ్లకు జరిగిన పెద్ద అన్యాయం రోడ్డు మీద జరగలేదు, షెడ్డులో జరిగింది. ఎంఓటీకి తీసుకెళ్తే బ్రేకులు చూడటానికి రోలర్ల మీదికి ఎక్కిస్తారు కదా. మామూలు బండికి అది సరైన పద్ధతే. రెండు చక్రాలు రోలర్ల మధ్య గుంటలో దిగుతాయి, మోటారు ఆ రోలర్లను మెల్లగా తిప్పుతుంది, బ్రేకు ఎంత పట్టిందో ముల్లు చూపిస్తుంది. మిగతా రెండు చక్రాలూ నేలమీద కదలకుండా ఉంటాయి. ఎఫ్‌ఎఫ్‌లో అలా ఉండటానికి వీల్లేదు. ముందు వెనకల మధ్య వేగం తేడా మలుపులో వచ్చేంత కొద్దిగా ఉన్నంతవరకే మధ్య డిఫరెన్షియల్ దాన్ని భరిస్తుంది. మామూలుగా ఇంజిన్ బలంలో నూటికి 37 పాళ్ళు ముందుకి, 63 వెనక్కి పంచుతూ హాయిగా పని చేసుకుంటుంది. ఆ కొద్ది తేడా దాటగానే, ఒక పక్క చక్రాలు బురదలో తిరుగుతున్నాయి కాబోలనుకుని, లోపలి ఒకవైపు క్లచ్చులు పట్టేసుకుంటాయి. అదే దాని గొప్పతనం. రోలర్ల మీద జరిగేదేమిటి? ఒక ఇరుసు తిరుగుతోంది, ఇంకోటి ఆగి ఉంది, తేడా నూటికి నూరు. క్లచ్చులు పట్టేస్తాయి, రోలర్ మోటారు బలం గొలుసు గుండా రెండో ఇరుసుకి వెళ్తుంది. అప్పుడు రెండింట్లో ఒకటే జరగాలి. బండి రోలర్ల మీంచి ముందుకు ఎగిరి ఎదురుగా ఉన్న మనిషి మీదికి పోవాలి, లేదా ట్రాన్స్‌ఫర్ బాక్సులో ఏదో ఒకటి లొంగాలి. లొంగింది ఆ రోజు తెలియకపోవచ్చు. రెండు నెలల తర్వాత యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి మళ్ళీ వేసినప్పుడు గొలుసు చప్పుడు వినిపిస్తుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

ఎక్కించేవాడిది కూడా పూర్తి తప్పు అనలేం. బయటి నుంచి ఇంటర్‌సెప్టర్‌లాగే కనిపిస్తుంది, 1960ల బండికి నాలుగు చక్రాల డ్రైవ్ ఉంటుందని ఎవరు అనుకుంటారు? అందుకే చెప్పాల్సింది నువ్వే. పర్మనెంట్ ఫోర్ వీల్ డ్రైవ్ బండికి బ్రేకులు డిసెలరోమీటర్ (వేగం ఎంత త్వరగా తగ్గుతుందో కొలిచే పరికరం) పెట్టి రోడ్డు మీద నడిపి చూడటం ఎంఓటీ పద్ధతిలోనే ఉంది. బుక్ చేసేటప్పుడే ఫోనులో అడుగు: మీ దగ్గర డిసెలరోమీటర్ ఉందా, దాంతోనే చూస్తారా అని. లేదంటే వేరే చోటికి వెళ్ళు. ఉందన్నా సరే, ఆ రోజు బండి పక్కనే నిలబడు. స్టీరింగ్‌కి పెద్ద అక్షరాలతో ఒక అట్ట కట్టు: 'నాలుగు చక్రాల డ్రైవ్. రోలర్లు వద్దు. నేలమీద ఈడ్చొద్దు.' టీ తాగి రా మేడమ్ అంటే టీ తర్వాత తాగొచ్చని చెప్పు.

ఆ అట్ట మీద చివరి మాట బండి ఆగిపోయిన రోజు కోసం. ఎం5 మోటార్‌వే మీద రాత్రి పూట బండి ఆగిందని నీ ఫోన్ వస్తుందేమో అన్నదే నా భయం. రికవరీ వాడు రెండు చక్రాలు పైకెత్తి రెండు నేలమీద ఈడ్చుకెళ్తే రోలర్ల మీద జరిగినదే రోడ్డు మీద జరుగుతుంది, అదీ మైళ్ళ కొద్దీ. నాలుగూ నేలమీద పెట్టి తాడు కట్టి లాగినా తప్పే, ఇంజిన్ ఆగి ఉంటే టార్క్‌ఫ్లైట్‌లో ఆయిల్ పంపు తిరగదు, లోపల పొడిగా రాసుకుంటాయి. ఫ్లాట్‌బెడ్ లారీ ఒక్కటే మార్గం. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడే రికవరీ ఫ్లాట్‌బెడ్ మీదే అని రాతపూర్వకంగా ఉండేలా చూసుకో, వచ్చిన బండి అది కాకపోతే రోడ్డు పక్క కంచె అవతల సురక్షితంగా నిలబడి ఇంకో లారీ వచ్చేదాకా ఆగు. చలేస్తే వేయాలి. కోటు ఒకటి ఎప్పుడూ డిక్కీలో ఉంచుకో, నువ్వసలు కోటు వేసుకోవు.

టైర్లు కూడా ఇదే కథ. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే అరుగుదల. ముందు కొత్తవి, వెనక సగం అరిగినవి వేస్తే చుట్టుకొలతలో తేడా వల్ల మధ్య డిఫరెన్షియల్ తిన్నని రోడ్డు మీద కూడా ఊరికే తిరుగుతూనే ఉంటుంది. ఒక టైరు పోతే నాలుగూ మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకో. స్టెప్నీ వేరే సైజుదైతే దగ్గర్లోని షెడ్డు దాకా మెల్లగా, అంతే.

నడిపి చూసేటప్పుడు మొదట చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టు. నువ్వు వెళ్ళేసరికి వేడెక్కించి ఉంచితే ఎందుకని అడుగు. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి నడక వేగంతో గుండ్రంగా తిప్పు, తర్వాత రెండో పక్క. ముందు షాఫ్టు జాయింట్లు అరిగి ఉంటే టకటకమని వినిపిస్తుంది. వాటి రబ్బరు తొడుగులు చిరిగాయో లేదో లిఫ్ట్ మీద చూడు, చిరిగితే గ్రీజు పోయి మట్టి చేరుతుంది. రోడ్డు మీద ముప్పై మైళ్ళ దగ్గర కాలు తీసి వేసి, తీసి వేసి, రేడియో కట్టేసి విను. గొలుసు వదులైతే ఆ మార్పులోనే దెబ్బలా వినిపిస్తుంది. మాక్సరెట్ చూడాలంటే అమ్మేవాడి ఒప్పుకోలుతో, మనుషులు లేని తడి నేల మీద, ఇరవై మైళ్ళ వేగంలో గట్టిగా తొక్కు. పెడల్ పాదాన్ని తన్నితే నీ అదృష్టం. తన్నకపోతే బండి వద్దనుకోనక్కర్లేదు, మామూలు బ్రేకులు అలాగే ఉంటాయి. యూనిట్ ఉన్నచోటే ఉందా, తీగలు కోసేశారా అన్నది చూడు. ఉంటే బాగు చేయించవచ్చు. ధర మాత్రం ఆ మేరకు తగ్గాలి.

కొన్నాక మొదటి పని బ్రేకులే. రంగు తర్వాత, క్రోమ్ తర్వాత, తోలు ఎప్పుడో. ఒకటిన్నర టన్నుపైన ఉన్న ఇనుమూ, ఆరు లీటర్ల ఇంజినూ నూట ముప్పై మైళ్ళ దాకా వెళ్ళగలవు. ఆపేది అరచేతి వెడల్పు ప్యాడ్లు. నాలుగు వైపులా రబ్బరు పైపులు మార్పించు. పాతవి బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి దారి మూసుకుంటాయి, తొక్కితే పడుతుంది, వదిలితే వదలదు. ఉక్కు పైపులు తుప్పు పట్టి ఉంటే రాగి-నికెల్ పైపులు వేయించు. బ్రేక్ ఆయిల్ డాట్ 4, రెండేళ్ళకొకసారి మొత్తం తీసి కొత్తది. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, తేమ మరిగితే పెడల్ నేలకి దిగిపోతుంది. సిలికాన్ ఆయిల్ పోయించుకోవద్దు.

ఇక రెండోది. నువ్వే కింద పడుకుని పని చేస్తావని నాకు తెలుసు, చిన్నప్పుడు సైకిల్ చైను వేసుకోవడానికి కూడా ఎవరినీ ముట్టుకోనిచ్చేదానివి కాదు. చేసుకో. కానీ ఒక్క జాకీని నమ్మి ఈ బండి కిందికి దూరావని తెలిస్తే ఆ రోజు నుంచి నీతో మాట్లాడను. గట్టి కాంక్రీటు నేల, నేలమీదున్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు, బరువుకి తగ్గ స్టాండ్లు. స్టాండు ఆనే చోట తుప్పు లేదని ముందే సుత్తి పిడితో కొట్టి చూడు. గేరు 'పీ'లో ఉంది కదా అనుకోకు, ఒక చక్రం గాల్లోకి లేచిందంటే ఆ పట్టు పోవచ్చు. స్టాండ్ల మీద పెట్టాక, కిందికి వెళ్ళక ముందు, రెండు చేతులతో బండిని గట్టిగా ఊపి చూడు. పడేదేదో నువ్వు బయట ఉన్నప్పుడే పడాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలు వద్దు తల్లీ. ఎంత చిన్న పనైనా సరే, వద్దు.

మిగతావి చిన్నవి. పెట్రోలు ఈ5 సూపర్ మాత్రమే పోయించు, ఈ10లో ఇథనాల్ ఎక్కువ, పాత రబ్బరును తినేస్తుంది. ఎలాగూ పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి మార్పించాలి, ఎందుకంటే ఆ బానెట్ కింద వేడి మామూలుది కాదు, కారిన చుక్క నేరుగా ఎగ్జాస్ట్ మీద పడుతుంది. రెండు కిలోల ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ సీటు పక్కనే ఉండాలి, డిక్కీలో కాదు. వేడి మీద ఆపి, పది నిమిషాల్లో మళ్ళీ స్టార్ట్ చేస్తే ఒక్కోసారి మొరాయిస్తుంది, కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరైపోయి. బానెట్ ఎత్తి కాసేపు వదిలెయ్, బ్యాటరీ చచ్చేదాకా తిప్పకు. ఇంజిన్ ఆయిల్ 20డబ్ల్యూ-50, జింక్ ఉన్నది. ఆ కాలపు క్యామ్‌షాఫ్ట్‌కి జింక్ లేని కొత్త ఆయిళ్ళు పడవు. ట్రాన్స్‌ఫర్ బాక్సు, ముందు డిఫరెన్షియల్ ఆయిల్ మట్టం వేరువేరుగా చూడాలి, ఇంజిన్ ఆయిల్ మార్చినవాడు వాటిని మర్చిపోతాడు. ఇన్సూరెన్సు 'అగ్రీడ్ వాల్యూ', అంటే బండి విలువ ముందే ఒప్పుకుని రాసుకునేది, తీసుకో, ఫొటోలతో. నలభై ఏళ్ళు దాటింది కాబట్టి రోడ్డు ట్యాక్స్ ఉండదు, బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏలో హిస్టారిక్‌గా నమోదు చేయించుకో, బర్మింగ్‌హామ్ క్లీన్ ఎయిర్ జోన్‌లోనూ రుసుము పడదు. ఎంఓటీ కూడా అక్కర్లేదంటారు. నువ్వు మాత్రం ఏటా చేయించాలి. రోలర్ల మీద కాకుండా.

మీ నాన్నకి నేను చెప్పుకుంటాను. ఇంటి డిపాజిట్ మొత్తం అందులో పెట్టవని, బండి ధరలో కనీసం మూడో వంతు మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా ఉంచుతావని నాకు మాటివ్వు, ఆ మాటే వాడికి చెబుతాను. ఆ మూడో వంతు లేకపోతే ఈ ఏడాది ఆగు. అమ్మేవాళ్ళు 'ఇంకొకరు చూస్తున్నారు' అంటారు, అననీ.

చూడటానికి ఏ శనివారం వెళ్తున్నావో చెప్పు, నేను రైలెక్కి వస్తాను. నాలుగు చక్రాలూ గాల్లోకి లేపగలిగే లిఫ్ట్ ఉన్న షెడ్డు ఒకటి గంటసేపు మాట్లాడి పెట్టమని అమ్మేవాడిని ముందే అడుగు, ఆ గంట అద్దె మనమే ఇద్దాం. టార్చి, చిన్న అద్దం, గుడ్డ చుట్టిన అయస్కాంతం, పాత బట్టలు తెచ్చుకో. లిఫ్ట్ దొరకదంటే ఆ రోజు ప్రయాణం మానుకుందాం. కింద చూడని బండికి నువ్వు ధర పలకొద్దు, పౌండు కూడా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న